ఇంట్లో చేసిన బీరు పాడైందా, లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఇంట్లో బీరు చేసుకునే తెలుగువాళ్ల సంఖ్య పెరిగే కొద్దీ నా దగ్గరికి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఫెర్మెంటర్ (బీరు పులియబెట్టే పాత్ర) ఫొటో పెట్టి "ఇన్ఫెక్షన్ వచ్చిందా? పారబోయమంటారా?" అని అడుగుతారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. టెన్షన్‌లో పారబోసిన బ్యాచ్‌లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. ఫొటో చూసి తేల్చలేం. హైడ్రోమీటరు (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) ఏం చెబుతోంది, ముక్కు ఏం చెబుతోంది, నాలుగు రోజులు ఆగితే ఏమవుతోంది అన్నవి చూసి తేల్చాలి. వెంటనే కదలాల్సినవి రెండే: బూజు, సీసాలో పెరిగే ఒత్తిడి.

చట్టం గురించి ఒక మాట. అమెరికాలో 1979 ఫిబ్రవరి నుంచి ఫెడరల్ చట్టం ఇంటి వాడకానికి బీరు చేసుకోనిస్తోంది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక ఎక్కువమంది ఉంటే 200. అమ్మడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో చేయడం నేరం. ఈ పేజీ అనుమతి ఉన్నచోట చేసుకునేవాళ్ల కోసం.

## ముందుగా, భయం సంగతి

ఇన్ఫెక్షన్ వచ్చిన బీరు తాగితే ప్రమాదమా?

సాధారణంగా కాదు. రుచి చెడుతుంది కానీ మనిషి చెడడు. పులిసిన బీరు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 4.0 నుంచి 4.6 మధ్య ఉంటుంది. దానికి తోడు ఆల్కహాల్, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) చేదు ఉంటాయి, ఆక్సిజన్ దాదాపు ఉండదు. మనకు జబ్బు చేసే బ్యాక్టీరియా అలాంటి చోట పెరగలేదు. బీరును పాడుచేసేవి పులుపును ఇష్టపడే వేరే జాతులు, అవి మనల్ని ఏమీ చేయవు.

మూడు సందర్భాల్లో మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. పైన బూజు పట్టిన బీరు తాగకండి, కొన్ని రకాల బూజు విషాలు వదులుతుంది. యీస్ట్ పని మొదలుపెట్టకుండా రోజుల తరబడి మామూలు వేడిలో ఉండిపోయిన వర్ట్ (మాల్ట్ మరిగించిన తీపి నీళ్లు) కూడా వద్దు. దాని పీహెచ్ 5 పైన ఉంటుంది, ఆల్కహాల్ ఉండదు. గాలి తగలకుండా మూసి ఉంచిన అలాంటి ద్రవంలో బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగగలదు. ఇంట్లో చేసిన ఆల్కహాల్ లేని బీరుకీ ఇదే జాగ్రత్త కావాలి.

యీస్ట్ కూడా సూక్ష్మజీవే కదా, మరి ఇన్ఫెక్షన్ అని దేన్ని అంటాం?

మనం వేసిన యీస్ట్ కాక పిలవకుండా వచ్చి చేరిన ఇంకేదైనా ఇన్ఫెక్షనే. ఎక్కువగా కనిపించేవి ఐదు. లాక్టోబాసిలస్, పెడియోకాకస్ పులుపు తెస్తాయి. అసిటోబ్యాక్టర్ గాలి దొరికితే ఆల్కహాల్‌ని వెనిగర్‌గా మారుస్తుంది. బ్రెటనోమైసిస్ అనే యీస్ట్ గుర్రపుశాల, తోలు వాసన తెస్తుంది. ఐదోది గాలిలో తిరిగే అడవి యీస్ట్.

ఇది కొత్తవాళ్ల సమస్య మాత్రమే కాదు. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరే అడవి యీస్ట్ చేరి పాడయ్యేది. ఆ చిక్కును విప్పే ప్రయత్నంలోనే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి శుద్ధమైన యీస్ట్‌ని పెంచాడు. ఈరోజు మనం ప్యాకెట్ కత్తిరించి వేస్తున్న యీస్ట్ ఆ పని ఫలితమే.

## యీస్ట్ వేసిన తొలి రోజులు

యీస్ట్ వేసి రెండు రోజులైంది, ఎయిర్‌లాక్‌లో (మూతకు పెట్టే నీటి బిరడా, గ్యాస్‌ని బయటికి వదులుతుంది, గాలిని రానివ్వదు) ఒక్క బుడగ కూడా లేదు. పోయినట్టేనా?

ఇంకా పోలేదు. చాలా బ్యాచ్‌లు 12 నుంచి 24 గంటల్లో కదులుతాయి. వర్ట్ చల్లగా ఉన్నా, యీస్ట్ పాతదైనా 72 గంటలు పట్టొచ్చు. బకెట్ మూత సరిగా బిగియకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, ఎయిర్‌లాక్ కదలదు. మూత తీసి నురగ ఉందో లేదో చూడండి, గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ద్రవం సాంద్రత, చక్కెర ఖర్చయ్యే కొద్దీ తగ్గుతుంది) కొలవండి. 1.050 ఉన్నది 1.040కి దిగి ఉంటే లోపల పని జరుగుతున్నట్టే. మూడు రోజులైనా గ్రావిటీ కదలకపోతే, వాసన, పొర లాంటి తేడా ఏదీ లేకపోతే వెంటనే కొత్త యీస్ట్ వేయండి. అప్పటికే వింత వాసన వస్తుంటే మాత్రం పారబోయడమే మంచిది.

నురగ మీద గోధుమరంగు, ఆకుపచ్చ ముద్దలు తేలుతున్నాయి. బూజేనా?

కాదు. యీస్ట్ హుషారుగా పనిచేసేటప్పుడు హాప్స్ జిగురు, ప్రోటీన్లు, చచ్చిన యీస్ట్ అన్నీ నురగతో పైకి వచ్చి మరకలుగా, ముద్దలుగా కనిపిస్తాయి. తడిగా, మురికిగా ఉంటాయి, చూడ్డానికి నిజంగానే బాగోవు. నురగ దిగాక ఫెర్మెంటర్ గోడకు అట్టకట్టిన వలయం మిగులుతుంది, అదీ మామూలే. బూజు అయితే పొడిగా, నూగుతో ఉంటుంది, పైగా ఇంత తొందరగా రాదు.

ఇల్లంతా కుళ్లిన గుడ్డు కంపు. ఇది ఇన్ఫెక్షనే కదా?

దాదాపు ఎప్పుడూ కాదు. అది గంధకం వాసన. లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) యీస్ట్‌లు, కొన్ని గోధుమ బీరు యీస్ట్‌లు పనిచేసేటప్పుడు దాన్ని వదులుతాయి. చాలావరకు గ్యాస్‌తో పాటు బయటికి పోతుంది, మిగిలింది కొన్ని వారాల్లో తగ్గుతుంది. కిటికీ తెరిచి వదిలేయండి.

ఎయిర్‌లాక్‌లో చిన్న ఈగ పడి చచ్చింది. బ్యాచ్ పాడైనట్టేనా?

ఎయిర్‌లాక్ నీటిలోనే పడితే ఏమీ కాలేదు, అది దాని పని అది చేసింది. ఎయిర్‌లాక్ తీసి కడిగి, శానిటైజర్ కలిపిన నీళ్లతో నింపి పెట్టండి. ఈగ బీరులోనే పడితే కంగారు కొంచెం న్యాయమే. పళ్ల మీద ముసిరే ఆ ఈగలు అసిటోబ్యాక్టర్‌ని మోసుకొస్తాయి. అయినా గాలి లేకుండా అది వెనిగర్ చేయలేదు. ఈగను తీసేసి మూత బిగించండి. ఇకపై అవసరం లేకుండా మూత తీయకండి.

నా శుభ్రతలో లోపం ఉందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా?

ఉంది, ఖర్చు లేనిది. అయినా ఇంట్లో చేసేవాళ్లలో చాలా కొద్దిమందే చేస్తారు, అదే నా బాధ. చల్లార్చిన వర్ట్‌ని యీస్ట్ వేయకముందు ఒక కప్పు తీసి, శానిటైజ్ చేసిన చిన్న సీసాలో పోయండి. పైన ఫాయిల్ వదులుగా కప్పి ఇంట్లో వెచ్చని చోట పెట్టండి. యీస్ట్ వేయలేదు కాబట్టి అందులో ఏమీ జరగకూడదు. ఒక్క రోజులోనే మబ్బుగా మారి బుడగలు వస్తే, చల్లార్చడానికీ యీస్ట్ వేయడానికీ మధ్య ఎక్కడో పెద్ద లోపం ఉంది. మూడు రోజులు తేటగా నిలిస్తే మీ పని శుభ్రంగా ఉంది. ఆ తర్వాత బీరు పాడైతే తప్పు బీరు తోడినప్పుడో, సీసాల దగ్గరో వెతకాలి. చూడటం అయ్యాక ఆ సీసాలోది రుచి చూడకుండా పారబోయండి.

## పులియడం ఆగాక, ఫెర్మెంటర్‌లోనే

బీరు మీద తెల్లటి పొర కట్టింది, పెద్ద బుడగలు ఉన్నాయి. ఇదేంటి?

పలచగా, తెల్లగా, ముడతలు పడి, పాల మీద మీగడ కట్టినట్టు ఉంటే అది పెల్లికిల్, అంటే పిలవని జీవులు ఉపరితలం మీద కట్టుకున్న తెట్టు. గాలి తగిలినచోట బ్రెటనోమైసిస్, అడవి యీస్ట్, కొన్ని బ్యాక్టీరియా ఇలా కడతాయి. ఇంట్లో చేసే బీరులో ఇన్ఫెక్షన్‌కి కంటికి కనిపించే గట్టి గుర్తు ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ముందుగా అది పెల్లికిలేనా అని చూడాలి. నురగ పూర్తిగా దిగాక యీస్ట్ తెప్పల్లా తేలడం మామూలే, అవి విడివిడిగా, మెత్తగా, లేత గోధుమరంగులో ఉంటాయి. ఫెర్మెంటర్‌ని మెల్లగా తడితే మునిగిపోతాయి. పెల్లికిల్ అలా మునగదు, అద్దం పగిలినట్టు చీలుతుంది, రెండు మూడు రోజుల్లో మళ్లీ కడుతుంది. రెండో సంగతి, పొర ఉన్నంత మాత్రాన రుచి పాడైందని కాదు. అడుగునుంచి కొంచెం తోడి రుచి చూడండి. బాగుంటే, గ్రావిటీ ఆగిపోయి ఉంటే, పొరను కదపకుండా కింది బీరును కెగ్ (ఒత్తిడి తట్టుకునే లోహపు పీపా)లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తాగేయొచ్చు. సీసాల్లో మాత్రం నింపకండి.

పొర లేకపోతే ఇన్ఫెక్షన్ లేదన్న నమ్మకం కూడా తప్పే. గాలి అందనిచోట ఏ పొరా కట్టకుండానే బీరు పుల్లబడొచ్చు.

అది బూజో, పెల్లికిలో ఎలా చెప్పాలి?

నూగు, రంగు చూడండి. బూజు గుండ్రని మచ్చలుగా మొదలై ఆకుపచ్చ, నీలం, నలుపు రంగుల్లోకి తిరుగుతుంది, పైన దూది లాంటి నూగు ఉంటుంది. తేలే పండ్ల ముక్కల మీద, గోడకు అంటిన మాల్ట్ మీద ఎక్కువగా వస్తుంది. బూజని తేలితే గరిటెతో పైపైన తీసేసి కిందిది దాచుకునే ఆలోచన పెట్టుకోకండి, మొత్తం పారబోయండి.

గ్రావిటీ 1.012 దగ్గర ఆగాలి, 1.004కి దిగి ఇంకా తగ్గుతోంది. ఏమైంది?

నన్నడిగితే ఏ పొర కంటే, ఏ వాసన కంటే నమ్మదగిన గుర్తు ఇది. మనం వేసే మామూలు యీస్ట్ తినలేని పొడవాటి చక్కెరలు (డెక్స్‌ట్రిన్లు) బీరులో మిగులుతాయి, గ్రావిటీ ఆగేది అందుకే. ఇంకా దిగుతోందంటే వాటిని విడగొట్టగలిగినదేదో లోపల ఉంది. బ్రెటనోమైసిస్ ఆ పని చేస్తుంది. డయాస్టాటికస్ అనే యీస్ట్ రకం కూడా చేస్తుంది, ఆ చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ తయారుచేసే జన్యువు దానిలో ఉంది. బెల్ సైసాన్ ప్యాకెట్ యీస్ట్ డయాస్టాటికస్ కిందికే వస్తుంది. దానితో సైసాన్ (బెల్జియం పద్ధతి బీరు) చేసి, అదే గొట్టాలు సరిగా కడగకుండా తర్వాతి బ్యాచ్‌కి వాడితే ఇలా కావచ్చు.

నిర్ణయానికి వచ్చేముందు కొలతను నమ్మొచ్చో లేదో చూసుకోండి. హైడ్రోమీటరు మామూలు నీళ్లలో 1.000 చూపాలి. శాంపిల్‌లోని గ్యాస్ పోయేదాకా కదిపి, హైడ్రోమీటరు మీద రాసిన ఉష్ణోగ్రత దగ్గర చూడండి. రిఫ్రాక్టోమీటరు (కాంతి వంగే తీరుతో చక్కెర కొలిచే పరికరం) అయితే ఆల్కహాల్ చేరాక సవరణ లేకుండా తప్పు చూపిస్తుంది.

డ్రై హాప్స్ (మరిగించకుండా నేరుగా బీరులోనే వేసే హాప్స్) వేశాక మళ్లీ బుడగలు మొదలయ్యాయి. హాప్స్‌తో ఇన్ఫెక్షన్ వచ్చిందా?

హాప్స్ వల్ల బీరుకి ఇన్ఫెక్షన్ రావడం చాలా అరుదు. హాప్స్‌లోని ఎంజైమ్‌లు మిగిలిన డెక్స్‌ట్రిన్లను యీస్ట్ తినగలిగే చక్కెరలుగా విడగొడతాయి, యీస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది. దీన్ని హాప్ క్రీప్ అంటారు. వెన్న వాసన కూడా కొన్ని రోజులు రావొచ్చు. గ్రావిటీ కదలకుండా నిలిచేవరకు ఆగి, ఆ తర్వాతే సీసాల్లో నింపండి.

మబ్బుగా ఉండే ఐపీఏ (హాప్స్ ఎక్కువగా వేసే బీరు) బూడిద, ఊదా రంగులోకి తిరిగింది. పాడైందా?

పాడైంది, కానీ సూక్ష్మజీవుల వల్ల కాదు. అది ఆక్సిజన్ పని. తడి అట్టపెట్టె రుచి కూడా వస్తుంది. తోడేటప్పుడు గాలి తగలకుండా చూసుకోవాలి, శానిటైజర్ ఎంత వాడినా ఇది ఆగదు.

## వాసన, రుచి

వెన్న వాసన వస్తోంది. ఇన్ఫెక్షనా, ఇంకా పచ్చిగా ఉందా?

రెండూ కావొచ్చు. డయాసిటైల్ అనే పదార్థం వెన్న వాసన తెస్తుంది. యీస్ట్ దాన్ని చేస్తుంది, తర్వాత తనే తినేస్తుంది. ఫెర్మెంటర్‌ని 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌లో మరో మూడు రోజులు ఉంచండి. తగ్గితే అది యీస్ట్‌దే. వారాలు గడిచినా తగ్గకపోగా పెరుగుతూ, పులుపు కూడా తోడైతే పెడియోకాకస్‌ని అనుమానించాలి.

పచ్చి ఆపిల్ వాసన?

ఎసిటాల్డిహైడ్. చాలాసార్లు బీరు ఇంకా పూర్తికాలేదని అర్థం. యీస్ట్ మీదే ఇంకో వారం ఉంచండి.

డెట్టాల్, బ్యాండేజీ వాసన కొడుతోంది. ఏ క్రిమి చేరింది?

ముందు కుళాయి నీళ్లను అనుమానించండి. నీళ్లలో క్లోరిన్, క్లోరమీన్ ఉంటే బీరులోని ఫీనాల్‌లతో కలిసి క్లోరోఫీనాల్ అవుతుంది, అతి కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. అమెరికాలో చాలా ఊళ్ల నీళ్లలో క్లోరమీన్ ఉంటుంది, అది మరిగించినంత మాత్రాన సులభంగా పోదు. క్యాంప్డెన్ బిళ్ల (క్లోరిన్, క్లోరమీన్‌లను పోగొట్టే సల్ఫైట్ మాత్ర) ఒక్కటి సుమారు 75 లీటర్ల నీళ్లకు సరిపోతుంది, నిమిషాల్లో పనిచేస్తుంది. సీసాలు బ్లీచ్‌తో కడిగి సరిగా తొలపకపోయినా ఇదే వాసన వస్తుంది. ఒకసారి వచ్చాక ఎంతకాలం ఉంచినా పోదు.

లవంగం, మిరియాల వాసన వేరు. గోధుమ బీరులో, బెల్జియం యీస్ట్‌లతో అది రావాల్సిందే. మామూలు ఏల్ (లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే బీరు)లో వస్తే మాత్రం అడవి యీస్ట్ చేరి ఉండొచ్చు.

పుల్లగా ఉంది. కానీ కొంచెమే. ఎలా తేల్చాలి?

కొత్త బీరులో గ్యాస్ వల్ల, తేలుతున్న యీస్ట్ వల్ల కాస్త చురుక్కుమంటుంది. అందుకని గ్యాస్ పోనిచ్చి రుచి చూడండి. పీహెచ్ మీటరు ఉంటే సందేహమే ఉండదు. మామూలు బీరు 4.0 కంటే కిందికి, 3.6 దాకా దిగితే బ్యాక్టీరియా పనే. వారం ఆగి మళ్లీ కొలవండి, ఇన్ఫెక్షన్ అయితే ఆ అంకె నిలకడగా ఉండదు. వెనిగర్ ఘాటు ముక్కుకే తగిలితే అసిటోబ్యాక్టర్ చేరింది, గాలి కూడా లోపలికి వెళ్లింది. అలాంటి బీరు బాగుపడదు.

వాంతి వాసన వస్తోంది. ఇదీ తగ్గుతుందా?

బ్యుటిరిక్ ఆమ్లం అది. బ్యాక్టీరియా వల్ల వస్తుంది, తగ్గుతుందని నమ్మి ఎదురుచూడకండి. పారబోయండి.

## సీసాల్లో నింపాక

సీసా మెడలో బీరు అంచున తెల్లటి వలయం కట్టింది. ఇన్ఫెక్షనేనా?

అనుమానించాల్సిందే. సీసా లోపల గాలి ఉండేది ఆ కొంచెం జాగాలోనే, పెరిగేవి అక్కడే పెరుగుతాయి. కానీ నింపేటప్పుడు లేచిన నురగ ఎండినా గీత పడుతుంది. ఒక సీసా చల్లబరిచి తెరిచి చూడండి. గ్యాస్ మితంగా, రుచి మామూలుగా ఉంటే వలయం ఒక్కటే చూసి మిగతావి పారబోయొద్దు, ఫ్రిజ్‌లో పెట్టి తాగేయండి.

మూత తీయగానే ఫౌంటెన్‌లా పొంగింది. అన్నీ ఇంతేనా? పేలతాయా?

పేలే అవకాశం ఉంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ముందు రుచి చూడండి. రుచి బాగుండి అన్ని సీసాలూ ఒకేలా పొంగుతుంటే నింపేటప్పుడు గ్యాస్ కోసం కలిపే చక్కెర ఎక్కువ వేసి ఉంటారు, లేదా పులియడం పూర్తికాకముందే నింపి ఉంటారు. 19 లీటర్లకు సుమారు 110 నుంచి 125 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ చక్కెర) చాలు. ఒకటి రెండు సీసాలే పొంగి, వాటిలో బీరు పలచగా, పుల్లగా ఉంటే ఆ సీసాలే శుభ్రంగా లేవు. నింపిన రోజు బాగుండి, వారం వారం ఒత్తిడి పెరుగుతూ పోతే మొత్తం బ్యాచ్‌కే ఇన్ఫెక్షన్.

లెక్క చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. సీసాలో గ్రావిటీ 0.001 తగ్గితే సుమారు అర వాల్యూమ్ (ఒక వాల్యూమ్ అంటే బీరు ఎంతుందో అంత పరిమాణం గ్యాస్) గ్యాస్ పుడుతుంది. 2.4 వాల్యూముల కోసం చక్కెర వేసి నింపిన బీరు 1.012 నుంచి 1.006కి దిగితే ఇంకో 3 చేరి 5 దాటుతుంది. మామూలు బీరు సీసా అంతటి ఒత్తిడి కోసం చేసింది కాదు. కళ్లకు అద్దాలు, మందపాటి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకుని సీసాలను ఫ్రిజ్‌లోకి చేర్చండి. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. బాగా చల్లబడ్డాకే ఒక్కొక్క మూతా మెల్లగా వదులు చేయండి. పిల్లలు తిరిగే గదిలో, వంటింటి అల్మారాలో ఇలాంటి సీసాలు ఒక్క రోజు కూడా ఉంచకండి.

బీరు నూనెలా జారుతోంది, తీగలు సాగుతోంది. ఇదేం జబ్బు?

పెడియోకాకస్. అది తయారుచేసే జిగురు వల్ల అలా సాగుతుంది. బ్రస్సెల్స్ ప్రాంతంలో లాంబిక్ (గాలిలోని జీవులతో పులియనిచ్చే పుల్లటి బీరు) చేసేవాళ్లకు ఇది తెలిసిన దశే. అక్కడ పీపాల్లో బ్రెటనోమైసిస్ కూడా ఉంటుంది కాబట్టి కొన్ని నెలల్లో ఆ జిగురును అదే తినేస్తుంది. మీ మామూలు ఏల్‌లో ఆ సాయం లేదు, దానంతటది బాగుపడదు.

## ఇన్ఫెక్షనే అని తేలాక

పుల్లబడ్డ బీరును సోర్ బీరుగా ఉంచుకోవచ్చా?

రుచి బాగుంటే ఉంచుకోవచ్చు, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. లాంబిక్ చేసేవాళ్లు అందుకు తగిన ధాన్యం, చేదు తక్కువగా ఉండే పాత హాప్స్ ఎంచుకుని ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఓపిక పడతారు. చేదెక్కువ ఐపీఏ పుల్లబడితే ఆ చేదు, ఆ పులుపు ఒకదానికొకటి పడవు. గోధుమ బీరు, చేదు తక్కువ సైసాన్ అయితే ప్రయత్నించి చూడొచ్చు.

పరికరాలన్నీ పారేయాలా?

గాజు, స్టీలు ఉంచుకోండి. బాగా కడిగి శానిటైజ్ చేస్తే చాలు. గొట్టాలు, రబ్బరు వాషర్లు మార్చేయండి, వాటి ధర ఒక బ్యాచ్ ధర కంటే చాలా తక్కువ. ప్లాస్టిక్ బకెట్ లోపల గీతలు పడి ఉంటే అదీ మార్చండి. చాలామంది మరిచిపోయేది ఫెర్మెంటర్ కుళాయి. దాన్ని ముక్కలుగా విప్పి చూడండి, లోపల ఎండిన బీరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. సీసాలు నింపే గొట్టం చివరి స్ప్రింగ్ కూడా అంతే.

మురికి మీద శానిటైజర్ పోస్తే పనిచేయదు, ముందు కడగాలి. స్టార్ శాన్ (ఆమ్లంతో చేసే శానిటైజర్) అయితే 19 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు, ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉండాలి. నురగ మిగిలినా ఏం కాదు, మళ్లీ నీళ్లతో కడగొద్దు. బ్లీచ్ వాడేవాళ్లు దాన్ని ఏ ఆమ్లంతోనూ, స్టార్ శాన్‌తోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఆ బ్యాచ్ అడుగున ఉన్న యీస్ట్ తర్వాతి దానికి వాడొచ్చా?

వద్దు. అనుమానం ఉన్నా వద్దు.

మా వంటింట్లో పెరుగు తోడుపెడతాం, ఇడ్లీ పిండి పులుస్తుంటుంది. బీరుకి వాటివల్లే ఇన్ఫెక్షన్ వస్తోందా?

మన ఇళ్లలోవాళ్లు అడిగే మంచి ప్రశ్న ఇది. పెరుగులో, పిండిలో లాక్టిక్ బ్యాక్టీరియా నిండుగా ఉంటుంది. కానీ మూతపెట్టిన గిన్నెలోంచి ఎగిరొచ్చి మూసిన ఫెర్మెంటర్‌లో పడదు. హాప్స్ చేదు కూడా లాక్టోబాసిలస్‌లో చాలా రకాలను అణిచిపెడుతుంది. ప్రమాదం చేతులు, గరిటెలు, గుడ్డలతో వస్తుంది. పిండి కలిపిన చేత్తో గొట్టం పట్టుకోకండి, వంటింటి గరిటెలు బీరుకి వాడకండి. బీరు చేసే రోజు చల్లార్చడం మొదలయ్యాక పిండి గిన్నె తెరవకుండా ఉంటే చాలు.

పెరుగు గిన్నె కంటే ఎక్కువగా చూసుకోవాల్సింది మాల్ట్ దుమ్ము. గింజల పొట్టు మీద లాక్టోబాసిలస్ సహజంగానే ఉంటుంది. మాల్ట్ మర పట్టినప్పుడు లేచే దుమ్ము గదంతా పరుచుకుంటుంది. మర గ్యారేజీలోనో, పెరట్లోనో పట్టి, వర్ట్ చల్లార్చేది, యీస్ట్ వేసేది ఇంకో చోట పెట్టుకోండి.